లూయీ బ్రెయిలీ జీవితం

అంధులకు లిపి ప్రసాదించిన మహనీయుడుగా లూయీ బ్రెయిలీ పేరు అందరికీ తెలిసినదే. ఆ పేరు వెనుక ఒక పల్లెటూరి గురువు, ఒక చిన్నబడి పంతులు ఉన్నారన్న సంగతి మాత్రం చాలమందికి తెలియదు. ఆయన జీవితాన్ని ఇక్కడ వ్రాయ పూనుకొన్నది కొంతవరకు ఆ ఇద్దరి కొరకే.

ఫ్రాన్సు దేశంలో పారిస్ నగరానికి తూర్పున సుమారు 40 కిలోమీటర్ల దూరాన కూవ్రే అనే గ్రామం ఉన్నది. 1809 జనవరి 4వ తేదీన లూయీ అక్కడ జన్మించాడు. తండ్రి సిమోన్ రెనే గుర్రాలకు జీనులు, కళ్ళెములు కుట్టి జీవించే పనివాడు. నలుగురు బిడ్డలలో లూయీయే కడగొట్టువాడు. మూడేండ్ల వయసులో తండ్రి పనిపాకలో ఆడుకొంటూ, తోలుకు రంధ్రాలు పొడిచే ఆరవంటి పనిముట్టు ఒకటి పట్టుకొన్నాడు. అది జారి కంట్లో గ్రుచ్చుకొన్నది. పుండు మానలేదు సరికదా, చీము రెండవ కంటికి కూడ ప్రాకింది. ఐదేండ్లు వచ్చేసరికి బిడ్డకు చూపు పూర్తిగా పోయింది.

ఆ రోజులలో చూపులేని పేదబిడ్డకు సాధారణంగా మిగిలేది భిక్షాటనే. ఆ తలిదండ్రులు మాత్రం కుమారుని మూల కూర్చుండబెట్టలేదు. చేతనైన పని చెప్పారు, ఇల్లంతా తిరుగనిచ్చారు. ఊరి దేవాలయ గురువు జాక్ పల్లూయీ పిల్లవాని చురుకుదనం గమనించి, తన యింటికి పిలిపించుకొని నోటిమాటగా పాఠాలు చెప్పనారంభించాడు. తరువాత బడిపంతులు ఆంత్వాన్ బెషెరేతో మాట్లాడి తక్కిన పిల్లలతోబాటు తరగతిలో చేర్పించాడు. అంధ విద్యార్థికి పాఠం చెప్పే పద్ధతి ఆ పంతులు ఎక్కడా నేర్చుకొన్నవాడు కాడు, అందుకు పైనుంచి ఏ ఉత్తరువూ లేదు. ఒక బల్లమీద చోటిచ్చాడు, అంతే. లూయీ విన్నదంతా జ్ఞాపకముంచుకొని తరగతిలో ముందు నిలిచాడు. శిక్షణ పొందిన ఉపాధ్యాయుడు లేడని అంగవైకల్యంగల బిడ్డను గుమ్మంలోనుంచే త్రిప్పిపంపే బడులు నేటికీ ఉన్నవి గనుక ఈ విషయం కొంచెం విపులంగా వ్రాశాను.

అయితే వినికిడితో వచ్చే చదువుకు ఒక హద్దున్నది. చదువుటకు పుస్తకం లేదు, వ్రాయుటకు మార్గం లేదు. గురువు కోరికపై ఆ ప్రాంతపు ప్రభువు మార్క్వి దోర్విలియే పారిస్‌లోని రాజకీయ అంధ బాలుర పాఠశాలకు సిఫారసు వ్రాశాడు. 1819 ఫిబ్రవరిలో, పదేండ్ల ప్రాయంలో, లూయీ అక్కడ ప్రవేశించాడు. వలాంతే ఆయీ అనే దయామయుడు అంతకు మూడు దశాబ్దాలకు పూర్వం స్థాపించిన ఆ పాఠశాల ప్రపంచంలో అంధ బాలలకై వెలసిన మొదటి పాఠశాలగా ప్రసిద్ధి. కట్టడం పాతది, చెమ్మగిల్లినది. లూయీని తరువాత క్రుంగదీసిన క్షయవ్యాధికి ఆ గోడలే కారణమని పలువురు తలుస్తారు.

ఆయీ పద్ధతిలో మామూలు అక్షరాలనే పెద్దవిగా కాగితంపై ఉబ్బెత్తుగా అచ్చువేసేవారు. ఒక్కొక్క పుస్తకం మోయలేనంత బరువు. ఒక్కొక్క అక్షరం చుట్టూ వేలు త్రిప్పి గుర్తుపట్టేసరికి వాక్యం మొదలు మరచిపోయేది. పైగా చదువుటయే తప్ప పిల్లలు తమంతట తాము వ్రాసుకొనే వీలు లేదు. ఆ లిపి కన్నులకోసం పుట్టినది, వేలికోసం కాదు.

1821లో షార్ల్ బార్బియే అనే మాజీ సైనికోద్యోగి పన్నెండు చుక్కలతో కూడిన వ్రాత పద్ధతిని ఆ పాఠశాలకు తెచ్చాడు. చుక్కలు వేలికి సులువుగా తెలుస్తాయని పిల్లలు వెంటనే గ్రహించారు. లోపాలూ ఉన్నవి. పన్నెండు చుక్కల గడి వేలికొనకు ఒక్కసారిగా అందదు. అది ధ్వనులను వ్రాసేదే గాని అక్షరాలను కాదు. వర్ణక్రమం లేదు, విరామచిహ్నాలు లేవు. లూయీ రాత్రులు కూర్చుండి దానిని సవరించాడు. 1824 నాటికి, పదిహేనవ యేట, నిలువున మూడు, అడ్డముగా రెండు చొప్పున ఆరు చుక్కల గడి సిద్ధమైనది. ఒక్క స్పర్శలో అందే ఆ గడిలో 63 గుర్తులు పుడతాయి. అక్షరములు, అంకెలు, సంగీత స్వరములు అన్నీ అందులో ఇమిడినవి. వ్రాయువాడు కాగితం వెనుకనుంచి కుడినుండి ఎడమకు పొడుచుకొంటూ పోతాడు. త్రిప్పితే ఎడమనుండి కుడికి చదువుకోవచ్చును. 1829లో ఈ పద్ధతిని గూర్చిన ఆయన గ్రంథం వెలువడింది. చిత్రమేమంటే, అదికూడ ఆ పాత ఉబ్బెత్తు అక్షరాలలోనే అచ్చయినది!

అదే పాఠశాలలో ఆయన ఉపాధ్యాయుడైనారు. ఆర్గన్ వాద్యంలో ఆరితేరి, పారిస్‌లోని సెయింట్ నికొలాస్ దేవాలయంలో 1834 మొదలు కొన్ని సంవత్సరాలు వాయించారు. అంతలో క్షయ బయటపడింది.

ఇక ఆయన అనుభవించిన గొప్ప బాధ వ్యాధివలన వచ్చినది కాదు. 1840లో క్రొత్తగా అధ్యక్షుడైన ద్యుఫో చుక్కల లిపిని నిషేధించాడు. చూపున్న ఉపాధ్యాయులు దానిని చదువలేరు, అంధులు లోకంనుండి వేరుపడిపోతారు అన్నది వాదం. ఈ వాదంలో కొంత సద్భావం లేకపోలేదని ఒప్పుకొందాం. కాని ఎవరి సౌకర్యం కొరకు బడి నడుస్తున్నదో అందులోనే తెలుస్తున్నది. పిల్లలు ఊరకుండలేదు, రహస్యంగా చుక్కలు పొడుచుకొంటూనే వచ్చారు. ఉపాధ్యక్షుడు జోసెఫ్ గాదే మనసు మార్చుకొని ద్యుఫోను ఒప్పించాడు. 1844లో నూతన భవన ప్రారంభోత్సవ సభలోనే ఆ లిపిని బహిరంగంగా ప్రదర్శించి చూపారు.

1852 జనవరి 6న, 43 యేండ్లు నిండిన రెండు దినాలకే, బ్రెయిలీ కన్నుమూశారు. తెరువకుండ కాల్చివేయవలెనని ఆయన చెప్పి ఉంచిన చిన్నపెట్టెను స్నేహితులు ఆగలేక తెరచి చూచారట. అందులో విద్యార్థులకు అప్పిచ్చిన సొమ్ము తాలూకు పత్రాలు ఉన్నవి. ఆ పాఠశాల ఆయన లిపిని అధికారికంగా స్వీకరించినది 1854లో.

మన దేశంలో 1887లో మిషనరీ ఆనీ షార్ప్ అమృతసర్‌లో అంధుల పాఠశాల ప్రారంభించారు. భారతీయ భాషలన్నిటికీ ఒకే పద్ధతిగా భారతి బ్రెయిలీ 1951లో స్థిరపడింది. అందువలన తెలుగు క అయినా, హిందీ క అయినా చుక్కలు ఒక్కటే. గుణింతం కూడ తేలికే: క గుర్తు ప్రక్కన ఇ గుర్తు పెడితే కి అవుతుంది.

ఆ మరుసటి సంవత్సరం, 1952లో, ఫ్రాన్సు ప్రభుత్వం బ్రెయిలీ అవశేషాలను కూవ్రేనుండి తీసికొనిపోయి, దేశంలోని మహాపురుషులు విశ్రమించే పారిస్ పాంథియన్‌లో ఉంచింది. ఆయన చేతులను మాత్రం గ్రామస్థులు తమ ఊరి సమాధిలోనే ఉంచుకొన్నారు.