రోగికే పాఠం చెప్పిన వైద్యుడు జోస్లిన్

పక్కపక్కనే మూడు ఇళ్లు. వాటిలో నివసించిన ఏడుగురు కుటుంబ పెద్దల్లో ఆరుగురు మధుమేహానికి బలయ్యారు. అమెరికాలోని న్యూ ఇంగ్లండ్ ప్రాంతానికి చెందిన ఒక చిన్న ఊరిలోని ఈ వైనాన్ని డాక్టర్ ఇలియట్ జోస్లిన్ 1921లో వెలుగులోకి తెచ్చారు. అదే అంటువ్యాధి అయితే ఆరోగ్యాధికారులు ఊరంతా గాలించేవారని, మధుమేహం కాబట్టే ఎవరికీ పట్టలేదని ఆవేదన చెందారు.

1869లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఆక్స్‌ఫర్డ్‌లో జన్మించిన జోస్లిన్, హార్వర్డ్‌లో వైద్యవిద్య అభ్యసించి 1898లో బోస్టన్‌లో ప్రాక్టీసు ఆరంభించారు. కన్నతల్లి సైతం మధుమేహ బాధితురాలే. ఇన్సులిన్ లేని ఆ రోజుల్లో ఆహార నియమమే శరణ్యం. అదీ ఎంత కఠినమంటే, కొందరు రోగులు ఎముకల గూళ్లుగా మిగిలేవారు.

వైద్యుడు రోజూ వెంట ఉండలేడు గనుక రోగే తన వ్యాధిని తెలుసుకోవాలన్నది జోస్లిన్ దృఢాభిప్రాయం. 1918లో రోగుల కోసమే ఒక కరదీపిక రచించారు. భోజనం తూచి తినడం, మూత్రాన్ని స్వయంగా పరీక్షించుకోవడం, వ్యాయామం, పాదాల సంరక్షణ నేర్పించారు. శిక్షణ పొందిన నర్సులను ఇళ్లకే పంపారు. 1922లో ఇన్సులిన్ వచ్చాక కూడా ఈ బోధన ఆగలేదు. సూది వేసుకోవడం అనే కొత్త పాఠం చేరిందంతే.

1946-47లో ఆయన స్వస్థలమైన ఆక్స్‌ఫర్డ్‌లోనే ప్రభుత్వ ప్రజారోగ్య విభాగం సర్వే నిర్వహించింది. 3,516 మందికి మూత్ర, రక్త పరీక్షలు జరపగా 70 మందికి మధుమేహం ఉన్నట్లు తేలింది. వారిలో 30 మందికి ఆ సంగతి అప్పటిదాకా తెలియనే తెలియదు. ఇన్సులిన్ వచ్చి పాతికేళ్లు కావస్తున్నా, మధుమేహ వైద్యుడి సొంత ఊరిలోనే ఇదీ పరిస్థితి!

తొంభై ఏళ్లు దాటినా రోగులను చూస్తూనే వచ్చిన జోస్లిన్, 1962 జనవరిలో బోస్టన్‌లో కన్నుమూశారు.