అట్టముక్కకి పని నేర్పిన నేతగాడు: జకార్డ్

ఈసారి గోడపత్రికకి తలా ఒక గొప్పవారి జీవితం రాయాలని మేడమ్ చెప్పగానే, మా క్లాసులో కవులనీ నాయకులనీ పది నిమిషాల్లో పంచేసుకున్నారు. నేను మాత్రం ఒక ఫ్రెంచి నేతగాడి పేరు ఇచ్చాను. ఆయన చనిపోయి రెండు వందల ఏళ్ళు కావస్తోంది. తెలుగు గోడపత్రికలో ఈయన ఎందుకు అనుకోకండి. మన బరంపురంలో పట్టు నేసే ఇళ్ళలో తెలుగు మాట్లాడేవాళ్ళు ఎంతమందో మీకే తెలుసు. ఆ మగ్గాలకీ, మా డాబా మీదున్న ఒక చిన్న కంప్యూటరు బోర్డుకీ మధ్య చుట్టరికం కలిపినవాడు ఈయనే. పేరు జోసెఫ్ మరీ జకార్డ్.

ముందు ఆ బోర్డు సంగతి చెప్తాను. మాది చమఖండి. మా ఇంట్లో నీళ్ళ మోటారు వేసి మర్చిపోవటం రోజూ ఉండే గొడవ. ట్యాంకు నిండి నీళ్ళు గోడ మీంచి కారిపోయేవి. అందుకని మోటారు వేసినప్పుడల్లా మా మామ్మ పెరట్లో పీట వేసుకుని నీళ్ళ చప్పుడు వింటూ కూర్చునేది. చప్పుడు మారగానే కేకేసేది. ఈ వేసవిలో తమ్ముడు ఆర్డుయినో అనే బోర్డు కొన్నాడు. అరచేతిలో పట్టేస్తుంది, ఖరీదు కొన్ని వందల రూపాయలే. ట్యాంకులో పై అంచుకి కొంచెం కిందగా రెండు తీగల కొసలు వేలాడదీశాడు. నీళ్ళు ఆ కొసలకి తగిలితే బోర్డుకి తెలుస్తుంది. వెంటనే అది రిలే అనే చిన్న స్విచ్చుని కదిపి మోటారు ఆపేస్తుంది. మెయిన్ కరెంటు పని మాత్రం తెలిసినాయన చేతే చేయించాం. తమ్ముడు ఆ బోర్డులో రాసినదాని సారం ఇంతే: నీళ్ళు తగిలితే ఆపు, లేకపోతే నడవనీ.

మొదటిరోజు మోటారు దానంతటదే ఆగింది. మామ్మ మాత్రం అలవాటుగా పీట మీదే కూర్చుంది. ఆవిడ బరంపురంలో నేత ఇంట్లో పుట్టింది. ఏడో ఏటి నుంచి రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టింది. కుడి భుజం నొప్పి అప్పటిదే. ఇలాంటివి ఆ రోజుల్లో ఉంటే తను బడికి వెళ్ళి ఉండేదాన్నని అంది. కాసేపాగి, మరి అప్పుడు ఆ కండెల డబ్బులు ఎవరిచ్చేవారని తనే అడిగింది. జకార్డ్ గురించి చదువుతున్నంతసేపూ ఈ రెండు మాటలూ నా చెవిలోనే ఉన్నాయి.

జకార్డ్ 1752 జూలై 7న ఫ్రాన్సులోని లియాన్ నగరంలో పుట్టాడు. రోన్, సోన్ అనే రెండు నదులు కలిసే ఊరది. పట్టుకి యూరప్ అంతటా పేరు. తండ్రి సొంత మగ్గాలున్న నేతగాడు. జకార్డ్‌కి పదేళ్ళు వచ్చేసరికి తల్లి పోయింది. బడి మొహం చూడలేదు. పదమూడేళ్ళ దాకా చదవటం, రాయటం రాదు. అక్క మొగుడికి అచ్చాఫీసు, పుస్తకాల వ్యాపారం ఉండేవి. ఆ బావే దగ్గర కూర్చోబెట్టుకుని అక్షరాలు నేర్పించాడు.

1772లో తండ్రి కూడా పోయాడు. ఇల్లూ మగ్గాలూ కొడుక్కి వచ్చాయి. 1778లో క్లోదీన్ బ్వాషోన్‌తో పెళ్ళయింది, మరుసటేడు కొడుకు పుట్టాడు. వ్యాపారం మాత్రం కలిసిరాలేదు. అప్పులు పెరిగి తండ్రి ఇచ్చిన ఆస్తి కరిగిపోయింది. ఆయన సున్నపు బట్టీల్లో కూలికి పోయాడనీ, క్లోదీన్ గడ్డితో టోపీలు అల్లి ఇల్లు నడిపిందనీ చెప్తారు.

అంతలో ఫ్రెంచి విప్లవం వచ్చింది. 1793లో లియాన్ నగరం పారిస్ ప్రభుత్వానికి ఎదురు తిరిగింది. సైన్యం వచ్చి ఊరిని ముట్టడించింది. ఊరిని కాపాడటానికి నిలబడినవాళ్ళలో జకార్డ్ కూడా ఉన్నాడు. ఊరు ఓడిపోయాక, ఇంకా మీసాలు రాని కొడుకుని వెంటబెట్టుకుని పారిపోయి, మారుపేర్లతో సైన్యంలో చేరాడు. ఆ యుద్ధాల్లోనే కొడుకు చనిపోయాడు. జకార్డ్ ఒంటరిగా లియాన్‌కి తిరిగొచ్చాడు. యాభైకి దగ్గర పడుతున్న వయసు. మన దగ్గరైతే ఇక మనవల్ని ఎత్తుకోవలసిన ఈడు అంటారు. ఆయన అసలు పని అప్పుడు మొదలైంది.

ఆ పని ఎందుకు గొప్పదో తెలియాలంటే అప్పటి మగ్గం తెలియాలి. మగ్గం మీద నిలువుగా ఉండేది పడుగు, అడ్డంగా వెళ్ళేది పేక. పట్టులో పువ్వు రావాలంటే నాడె వెళ్ళే ప్రతిసారీ కొన్ని పడుగు పోగులు పైకి లేవాలి, మిగతావి కిందే ఉండాలి. ఏవి లేవాలన్నది ప్రతి వరసకీ మారిపోతుంది. అందుకని నేతగాడు కాక ఇంకో మనిషి మగ్గం పక్కన నిలబడి, వరస వరసకీ సరైన తాళ్ళు ఏరి లాగాలి. లియాన్‌లో ఈ పని చేసినవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళూ, ఆడపిల్లలే. పల్లెల నుంచి వచ్చేవాళ్ళు. పోగుల బరువు, తాళ్ళ బరువు అంతా వాళ్ళ చేతుల మీదే. రోజంతా లాగి లాగి భుజాలూ నడుమూ పాడైపోయేవి. ఒక్క తాడు తప్పితే పువ్వు చెడిపోతుంది, తిట్లు మాత్రం ఆ పిల్లకే.

ఈ బాధ తీర్చాలని జకార్డ్ కంటే ముందే కొందరు చూశారు. 1725లో బాసిల్ బుషాన్ అనే ఆయన కాగితం చుట్టకి చిల్లులు పొడిచి, ఆ చిల్లుల ప్రకారం పోగులు ఎంచుకునేలా చేశాడు. మూడేళ్ళకి ఫాల్కన్ అనే ఇంకొకాయన కాగితం బదులు అట్టముక్కలని దండలా కుట్టి వాడాడు. తర్వాత వొకాన్సన్ అనే యంత్రాల మేధావి తాళ్ళు లాగే మనిషే అవసరం లేని మగ్గం ఒకటి కట్టాడు. అది ప్రదర్శనకి బాగుంది కానీ నేతగాళ్ళ ఇళ్ళలోకి రాలేదు.

జకార్డ్ 1800లో కాలితో తొక్కి నడిపే మగ్గానికి పేటెంటు తీసుకున్నాడు. 1801లో పారిస్ ప్రదర్శనలో దానికి కంచు పతకం వచ్చింది. 1803లో పారిస్‌లోని యంత్రాల సంగ్రహాలయానికి పిలిపించారు. వొకాన్సన్ మగ్గం అక్కడే ఉంది. దాన్ని దగ్గరగా చూశాక, ముగ్గురు వేర్వేరుగా చేసినవాటిని కలిపి ఒక్కటి చేయొచ్చని ఆయనకి తోచింది. 1804లో తన పెట్టె తయారుచేశాడు. అది మగ్గం నెత్తిన కూర్చుంటుంది. ధర్మవరం లాంటి ఊళ్ళలో ఈ రోజుకీ మన నేతవాళ్ళు దాన్ని జకార్డు అనే పిలుస్తారు. అది ఒక మనిషి ఇంటిపేరని చాలామందికి తెలియదు, నాకూ తెలియదు.

ఆ పెట్టె పని చేసే తీరు తెలిస్తే మా డాబా మీద బోర్డు కూడా అర్థమైపోతుంది. ఒక్కో వరసకి ఒక్కో అట్ట. అట్ట మీద చిల్లులు ఉంటాయి. నేతగాడు తొక్కుడుబల్ల నొక్కగానే అట్ట వచ్చి సూదుల వరసకి తగులుతుంది. చిల్లు ఉన్నచోట సూది లోపలికి దూరిపోతుంది, దాని కొక్కెం కదలదు, పోగు పైకి లేస్తుంది. చిల్లు లేనిచోట అట్ట సూదిని వెనక్కి తోస్తుంది, కొక్కెం పక్కకి జరుగుతుంది, పోగు కిందే ఉండిపోతుంది. అట్ట జరిగి ఇంకో అట్ట వస్తుంది. అంతే. ప్రతి పోగుకీ ఉన్నది రెండే జవాబులు, లేవటం లేదా ఊరుకోవటం. వేరే పువ్వు కావాలంటే మగ్గం విప్పక్కర్లేదు, అట్టల దండ మారిస్తే చాలు. తమ్ముడు కూడా అదే బోర్డుని రేపు ట్యాంకు నుంచి తీసి, మొక్కలకి నీళ్ళు పెట్టే పనికి పెట్టగలడు. తీగలు మార్చి, అందులో రాత మారిస్తే సరిపోతుంది.

1805లో నెపోలియన్ లియాన్ వచ్చాడు. ప్రభుత్వం ఈ మగ్గాన్ని అందరూ వాడుకునేలా ప్రజల సొత్తుగా ప్రకటించింది. జకార్డ్‌కి పింఛనూ, కొత్తగా పెట్టే ఒక్కో మగ్గానికి కొంత సొమ్మూ ఏర్పాటయ్యాయి. ఊళ్ళో చాలామందికి మాత్రం కోపం వచ్చింది. తమ తిండి పోతుందని నేతపనివాళ్ళు ఆయన మీద తిరగబడ్డారనీ, మగ్గాన్ని నడివీధిలో విరగ్గొట్టారనీ కథలున్నాయి. అయినా మగ్గాలు ఆగలేదు. 1812 నాటికి ఫ్రాన్సులో 11,000 దాకా అయ్యాయి. నిజం చెప్పాలంటే మొదట్లో ఆ పెట్టె అంత బాగా నడవలేదు. బ్రెటాన్ అనే మెకానిక్ తర్వాత దాన్ని సరిదిద్దాడు. పేరు మాత్రం జకార్డ్‌దే నిలిచింది.

ఆ అట్టలు నేతతో ఆగిపోలేదు. 1839లో జకార్డ్ బొమ్మనే పట్టులో నేశారు, దానికి 24,000 అట్టలు పట్టాయట. ఇంగ్లండులో లెక్కల యంత్రం కడదామని తంటాలు పడుతున్న చార్లెస్ బాబేజ్ దగ్గర అలాంటి బొమ్మ ఒకటి ఉండేది. తన యంత్రానికి కూడా అట్టలతోనే పని చెప్పాలని ఆయన అనుకున్నాడు. ఆ యంత్రం గురించి 1843లో వివరంగా రాసిన అడా లవ్‌లేస్, పువ్వులు నేసే మగ్గంతోనే దాన్ని పోల్చింది. 1890లో అమెరికా జనాభా లెక్కలు కూడా చిల్లుల కార్డులతోనే కట్టారు. మా అమ్మ ఒడియా ఆవిడ, మగ్గాన్ని తంత అంటుంది. తంత్రం అన్న మాటే అలా మారింది. సంస్కృతంలో తంత్రం అంటే మగ్గమనీ అర్థం ఉంది, ఉపాయమనీ అర్థం ఉంది. జకార్డ్ కథ విన్నాక ఆ రెండు అర్థాలూ ఒకటేలా అనిపిస్తున్నాయి.

మన తెలుగువాళ్ళలో ఈ దారిన నడిచినవారు చింతకింది మల్లేశం గారు. ఆలేరు ప్రాంతం వారు. వాళ్ళమ్మ లక్ష్మి గారు చీరకి ఆసు పోసేవారు. ఒక్కో చీరకి వేల సార్లు చెయ్యి అటూ ఇటూ తిప్పాలి. అమ్మ భుజం నొప్పి చూడలేక ఆయన 1999లో ఆసు యంత్రం పూర్తిచేసి అమ్మ పేరే పెట్టారు. తర్వాత అందులోకి మైక్రోకంట్రోలర్ అనే చిన్న చిప్పు కూడా వచ్చింది. మా ఆర్డుయినో బోర్డుకి గుండెకాయ అదే. 2017లో ఆయనకి పద్మశ్రీ ఇచ్చారు. యంత్రం ఎవరి చేతికి విశ్రాంతి ఇచ్చిందో ఆ యంత్రం పేరులోనే ఉండటం నాకు చాలా నచ్చింది.

లియాన్‌లో అలా జరగలేదు. తాళ్ళు లాగే పని తప్పింది, ఆ కూలీ కూడా తప్పింది. నేతగాళ్ళ బతుకులూ అనుకున్నంత మారలేదు. మగ్గం చురుగ్గా నడిచినా గుడ్డకి ధర కట్టేది వ్యాపారులే. కూలి రేట్ల కోసం 1831లో నేతపనివాళ్ళు తిరగబడ్డారు. 1834 ఏప్రిల్‌లో మళ్ళీ తిరగబడితే సైన్యం అణిచేసింది. అదే ఏడాది ఆగస్టు 7న, లియాన్ పక్కనే ఉన్న ఊల్లాన్ అనే ఊళ్ళో జకార్డ్ కన్నుమూశాడు. 1840లో లియాన్‌లో ఆయనకి విగ్రహం పెట్టారు.

జకార్డ్‌ని తక్కువ చేయాలని ఇదంతా రాయలేదు. ఆయన అట్టలు లేకపోతే ఇంకెన్ని భుజాలు అరిగిపోయేవో. పని భారం యంత్రం తీసుకుంది, మంచిదే. ఆ పని చేసిన మనిషికి ఇంకో దారి చూపించటం మాత్రం ఏ అట్టకీ, ఏ బోర్డుకీ చేతకాదు. అది మనుషులు చేయాల్సిందే.

ఈ వ్యాసం మామ్మకి చదివి వినిపించాను. చిత్తులో నేను పడుగునీ పేకనీ తారుమారు చేశాను, ఆవిడే దిద్దింది. అంతా విన్నాక ఒక్కటే అడిగింది, తాళ్ళు లాగిన ఆ పిల్లల పేర్లేమిటని. నా దగ్గర ఒక్క పేరూ లేదు. బుషాన్, ఫాల్కన్, వొకాన్సన్, బ్రెటాన్ అని మెకానిక్కుల పేర్లన్నీ రాశాను.

అందుకే ఈ కాగితం కింద కొంచెం జాగా ఖాళీగా వదిలాను. మీ ఇంట్లో ఇప్పుడు మిషను చేస్తున్న పని, అంతకుముందు ఎవరు చేతులతో చేసేవారో వాళ్ళ పేరు, ఆ పని పేరు రాసి వెళ్ళండి. మొదటి గీత మీద మామ్మ పేరు, పక్కన కండెలు అని నేనే రాశాను.