స్వరమేళకళానిధి కర్త రామామాత్యుడు

మన జనగామ ప్రాంతపు పాలకుర్తి పేరు వినగానే పాల్కురికి సోమనాథుడు స్మరణకు వస్తాడు. ఆ మహాకవి పండితారాధ్య చరిత్రలో వీణాభేదాలను, రాగనామాలను పేర్కొన్నాడు. రాగానికి ఆధారమైన స్వరాల అమరికను వీణ మెట్లపై నిలిపి నిర్ణయించినవాడు మాత్రం ఆ తరువాతి కాలంలో విజయనగరాన వెలసిన రామామాత్యుడు.

తిమ్మామాత్యుని పుత్రుడైన ఈయన, సంగీత రత్నాకరానికి కళానిధి అను వ్యాఖ్య రచించిన కల్లినాథుని మనుమడు. ఆనాటికి శాస్త్రమొక దారిని, గానమొక దారిని పోతున్నవి. పండితుల మతభేదాలను పరిష్కరింపవలెనని వెంకటాద్రి తన అన్నగారైన అళియ రామరాయలకు సూచించాడు. రాయల ఆదేశంపై రామామాత్యుడు 1550లో సంస్కృతాన స్వరమేళకళానిధిని పూర్తిచేశాడు. తాతగారి గ్రంథనామం మనుమని గ్రంథనామంలో నిలిచి ఉండడం గమనింపదగినది.

శార్ఙ్గదేవుడు ఏడు శుద్ధస్వరాలకు తోడు పన్నెండు వికృతస్వరాలు చెప్పగా, రామామాత్యుడు వికృతాలను ఏడింటికి తగ్గించాడు. చెవికి వినిపించని భేదం పుస్తకంలో ఉండి ప్రయోజనమేమి అన్నదే ఆయన దృష్టి అని నాకు తోస్తుంది. రాగాలను ఇరవై మేళాల క్రింద చేర్చాడు. వాటిలో సారంగనాట మేళపు స్వరాలే నేటి శంకరాభరణం. హిందుస్తానీ గాయకులకు అదే బిలావల్, పాశ్చాత్యులకు మేజర్ స్కేలు.

దీని నిర్మాణం హార్మోనియంపై సులభంగా తెలుస్తుంది. జంట నల్లమెట్లకు ఎడమనున్న తెల్లమెట్టును షడ్జముగా గ్రహించి వరుసగా ఎనిమిది తెల్లమెట్లు పలికించండి. స-రి, రి-గ, మ-ప, ప-ధ, ధ-నిల నడుమ ఒక్కొక్క నల్లమెట్టు ఉన్నది. గ-మల నడుమ, ని-పైషడ్జముల నడుమ లేదు. అనగా అంతరాలు రెండు, రెండు, ఒకటి, రెండు, రెండు, రెండు, ఒకటి. మొత్తం పన్నెండు. షడ్జమును మరొక మెట్టుకు మార్చినచో ఈ దూరాలు చెడకుండుటకై నల్లమెట్ల సాయం తప్పదు. ఈ మెలకువ తెలియకనే మనలో పలువురు తెల్లమెట్లనే కంఠస్థం చేసి, శ్రుతి మారగానే తడబడతారు.

ఆ గ్రంథం వెలసిన 1550లోనే, విజయనగరంలో ఏడేండ్లు రామరాయల ఆశ్రయాన ఉండిన ఇబ్రహీం కుతుబ్ షా గోలకొండ సింహాసనమెక్కాడు. తెలుగు కవుల నోట మల్కిభరాముడైనది ఆయనే. పదిహేనేండ్లకు, 1565లో, రక్కసి తంగడి యుద్ధాన ఆ ఇబ్రహీం ఎదుటి పక్షాన నిలిచాడు. రామరాయలు హతుడైనాడు, నగరం పాడుపడింది.

గ్రంథం మాత్రం నశింపలేదు. పదిహేడవ శతాబ్దంలో వేంకటమఖి చతుర్దండి ప్రకాశికలో రామామాత్యుని తీవ్రంగానే ఖండించాడు. ఆ ఖండన కొంత కఠినమనే నా అభిప్రాయం. ఏమైనను, ఆయన డెబ్బదిరెండు మేళాల ప్రణాళికకు పునాదిరాళ్లలో స్వరమేళకళానిధి ఒకటి. శంకరాభరణం అందులో ఇరవైతొమ్మిదవది.