కలం మోసిన స్వరకర్త: హెక్టర్ బెర్లియోజ్

ఐరోపావారి ఆపెరా మన పద్యనాటకానికి దూరపు బంధువు వంటిది. అందులో సంభాషణ సైతం చాలావరకు గానమే. నటుడు గాయకుడై తీరవలె. పందొమ్మిదవ శతాబ్దపు పారిస్ నగరంలో ఈ కళను హెక్టర్ బెర్లియోజ్ వలె ప్రేమించినవారు, అతని వలె దుయ్యబట్టినవారు అరుదు. ఆ స్వరకర్త జీవితాన్ని విద్యార్థి మిత్రుల ముందుంచదలచినాము.

1803 డిసెంబరు 11న ఫ్రాన్సులోని లా కోత్ సేంతాంద్రే అనే చిన్న పట్టణంలో ఒక వైద్యుని ఇంట బెర్లియోజ్ జన్మించినాడు. తండ్రి అతనిని 1821లో వైద్యవిద్యకై పారిస్ పంపినాడు. శవపరీక్షాగృహంలో తొలిసారి అడుగుపెట్టిననాడే యువకుడు కిటికీ దూకి పరుగుతీసినాడట. ఆపెరా మందిరంలో మాత్రం గ్లూక్ కృతులు విని అక్కడే నిలిచిపోయినాడు. ఇంటినుండి వచ్చే డబ్బు నిలిచిపోగా, ఒక చిన్న నాటకశాల బృందగానంలో పాడి పొట్టపోసుకొన్నాడు.

ఆపెరా మందిరానికి అతడు స్వరలిపిని కంఠస్థం చేసి వెళ్ళేవాడు. ఒకనాడు వాద్యబృందం గ్లూక్ వ్రాయని తాళాలను చేర్చి వాయించగా, గ్లూక్‌ను దిద్దే సాహసం ఎవరిదని ప్రేక్షకుల నడుమనుండే కేకవేసినాడు. ఉత్తరోత్తరా అతడు వ్రాసిన విమర్శలన్నింటికీ ఆ కేకయే బీజమని మా అభిప్రాయం.

1830లో ఫాంటాస్టిక్ సింఫనీ అతనికి పేరు తెచ్చింది, కూడు పెట్టలేదు. 1835 నుండి 1863 వరకు జూర్నాల్ దె దెబా పత్రికలో సంగీత విమర్శకుడుగా పనిచేసినాడు. నాటి ఆపెరాపై అతని ఫిర్యాదు ఒక్కటే: కృతి గాయకునికి దాసి అయిపోయినది. గాయకుడు హెచ్చుస్థాయి స్వరాన్ని సాగదీయుటకు, మెరుపు సంగతులు వేయుటకు రచనను తెగనరుకుతాడు. కథలోని దుఃఖం ఏమైనా సరే, సభ చప్పట్లు కొడుతుంది. ఆ చప్పట్లలోనూ కొన్ని కొనుగోలు సరుకు. డబ్బు పుచ్చుకొని కరతాళధ్వనులు చేసే ముఠాలు పారిస్ నాటకశాలలలో వృత్తిగా స్థిరపడినవి. 1852లో వెలువడిన వాద్యబృందపు సాయంకాలాలు అనే గ్రంథంలో వీరిని అతడు కడుపుబ్బ నవ్వించేట్లు చిత్రించినాడు. అందులోని వాద్యకారులు పేలవమైన ఆపెరా సాగుతున్నంతసేపు కథలు చెప్పుకొంటారు. మహాకృతి ప్రదర్శించిననాడు ఎవ్వరూ నోరు మెదపరు. విమర్శ ఇంతకన్న సున్నితంగా ఉండగలదా?

సంపన్నుల విడిదిళ్ళలోని గానసభలలో తేలిక ప్రణయగీతాలకే ఆదరణ. అట్టి కాలంలో కవి గోతియే రచించిన 6 కవితలకు బెర్లియోజ్ 1841లో స్వరాలు కూర్చి, తరువాత వాటికి వాద్యబృంద సహకారాన్ని సమకూర్చినాడు. అందులో గాయకుడు కవిమాటను దాటి పోవడానికి వీలులేదు.

అతని సొంత ఆపెరా బెన్వెనుతో చెల్లీనీ 1838లో ఘోరంగా పరాజయం పొందినది. ఆ యేడే వయొలిన్ విద్వాంసుడు పగనీనీ 20,000 ఫ్రాంకులు బహూకరించి ఆదుకొన్నాడు. ఆ ధనం ఎంతకాలం? పత్రికావ్యాసం వ్రాయలేక రోజుల తరబడి బల్లముందు కూర్చొని కుమిలినట్లు అతడే స్మృతులలో చెప్పుకొన్నాడు.

అన్నిటికన్న మా మనస్సును కలచినది మరొక ఉదంతం. ఒకరాత్రి కలలో ఒక సింఫనీ వినబడింది. లేచి వ్రాయబోయినాడు. వ్రాస్తే నెలల తరబడి వ్యాసాలు ఆగిపోతాయి, నకళ్ళకు, కచేరీకి అప్పు అవుతుంది. ఇంట భార్య రోగిష్ఠి, కుమారుని చదువు ఉన్నది. కలం క్రింద పెట్టినాడు. మరునాటి రాత్రి అదే స్వరం మళ్ళీ వచ్చింది. మనస్సును బిగబట్టుకొని నిద్రపోయినాడు. తెల్లవారేసరికి అది శాశ్వతంగా మాయమైనది.

ట్రాయ్ వీరుల కథతో 1856–58 మధ్య రచించిన లే త్రొయాఁ అనే మహా ఆపెరాలో ఉత్తరభాగం మాత్రమే 1863లో రంగమెక్కి 21 ప్రదర్శనలు పొందినది. గాయకులపై అతడు మోపిన నేరాన్నే నాటకశాల యజమాని చేసినాడు. కృతిని కోతలతో కుదించినాడు. అయినా దానివల్ల వచ్చిన డబ్బుతోనే బెర్లియోజ్ పత్రిక కొలువు మానుకొన్నాడు. అప్పటికి అతనికి 60 ఏండ్లు. 1867లో ఏకైక కుమారుడు హవానాలో జ్వరంతో మరణించినాడు. 1869 మార్చి 8న తానూ కన్నుమూసినాడు. లే త్రొయాఁ పూర్వభాగం రంగస్థలం ఎక్కినది 1890లో, అదీ పారిస్‌లో కాదు, జర్మనీలోని కార్ల్స్‌రూహే పట్టణంలో.