వెనక బెంచీ వావిలాల

వావిలాల గోపాలకృష్ణయ్య ఎన్నడూ మంత్రి కాలేదు. 1906 సెప్టెంబరు 17న గుంటూరు జిల్లా సత్తెనపల్లిలో పుట్టారు. స్వాతంత్ర్యోద్యమంలో జైలుకు వెళ్లారు. 1952, 1955, 1962, 1967 ఎన్నికల్లో సొంత ఊరి నుంచే శాసనసభకు గెలిచారు. ఖద్దరు కట్టే గాంధేయవాది, జనం పెట్టిన పేరు ఆంధ్రా గాంధీ. కమ్యూనిస్టుల అండ ఉన్నా ఆంధ్రప్రదేశ్ సభలో ఇండిపెండెంటుగానే కూర్చున్నారు. అంటే ఓటింగ్‌లో ఆయన చెయ్యి ఎత్తించే విప్ ఏదీ లేదు, ఎత్తినా దించినా ఆ బాధ్యత ఆయనదే.

నందికొండ దగ్గర ఆనకట్ట కావాలన్నారు, తెలుగువాళ్లంతా ఒక రాష్ట్రంలో ఉండాలన్నారు. ఆ రెండూ జరిగాయి. ఎంతకీ తెమలనిది మూడోది, పాలనలో తెలుగు. 1956లో భాష పేరు మీద రాష్ట్రం వచ్చింది గానీ తాలూకా ఆఫీసులో ఫైలు మాత్రం ఇంగ్లిషులోనే నడిచింది. రైతు తన పొలం కాగితాన్ని ఇంకొకరి చేత చదివించుకోవాల్సి వచ్చేది. తెలుగును అధికార భాష చేస్తూ చట్టం రావడానికి 1966 దాకా పట్టింది. చట్టం వచ్చాక కూడా ఇంగ్లిషు కుర్చీ దిగలేదు. 1974లో అధికార భాషా సంఘం ఏర్పడితే తొలి అధ్యక్షుడు వావిలాలే. సలహా ఇవ్వడం, గుర్తుచేయడం తప్ప ఆ సంఘం చేతిలో పెద్ద అధికారాలేమీ లేవు. మా లెక్కలో ఆయన గొప్పతనం అక్కడే ఉంది. అడగడం మానలేదు.

ఆ 1966 చట్టంలోనే ఉర్దూ వంటి భాషలను అవసరమైన చోట వాడుకునే వీలు కూడా పెట్టారు. మారతహళ్ళిలో ఉన్న మనం ఇప్పుడు ఆ రెండో వరుసలో వాళ్లం. వావిలాల న్యాయం ప్రకారం బెంగళూరు ఆఫీసుల్లో కన్నడం ఉండటం సబబే, మన పిల్లలు కన్నడం బాగా నేర్చుకోవాల్సిందే. అలాగని మన వాటా వదులుకోనక్కర్లేదు. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతులు కల్పించడానికి రాష్ట్రాలు కృషి చేయాలని రాజ్యాంగం 350ఎ అధికరణం చెబుతోంది. తరగతిలో పదిమంది గానీ, బడి మొత్తంలో నలభైమంది గానీ ఉంటే టీచరును ఇవ్వాలన్న సూత్రం 1949 నాటి విద్యామంత్రుల సమావేశం నుంచి ఉంది. అయితే ఆ పదిమంది కాగితం మీద కనిపించాలి. అడ్మిషన్ ఫారంలో మాతృభాష గడిని ఖాళీగా వదిలేసే తల్లిదండ్రులను ఏటా చూస్తున్నాం. తెలుగు మాట్లాడే ఇంటి పిల్లాడు లెక్కలో తెలుగువాడు కాకుండా పోతున్నాడు. ఆపైన టీచరు కావాలని ఎవరి పేరు చెప్పి అడగాలి?

వావిలాల చివరిదాకా విశ్రాంతి తీసుకున్నది లేదు. తొంభైల్లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారాయి మీద తిరగబడితే, ఎనభై అయిదు దాటిన వయసులో మద్యనిషేధ ఉద్యమంలో ముందు నిలిచారు. 1992లో పద్మభూషణ్ వచ్చింది. 2003 ఏప్రిల్ 29న, తొంభై ఆరేళ్ల వయసులో కన్నుమూశారు.