మన్యం ములుకు: అల్లూరి సీతారామరాజు జీవితం

అల్లూరి సీతారామరాజు గురించి తెలియని తెలుగువారు లేరు. అయితే ఆయన కథ చెప్పేటప్పుడు ఆయన చేతిలోని బాణం గురించి, ఆ బాణం చివర ఇనుప ములుకును కొట్టిన చేతుల గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. గిరిజన బాలికల వసతిగృహంలో వార్డెన్‌గా పనిచేస్తున్న మేము ఆ వైపు నుంచి ఆయన జీవితాన్ని నాలుగు మాటల్లో చెప్పదలిచాము.

మా వసతిగృహం హైదరాబాద్ శ్రీనగర్ కాలనీకి దగ్గరలో ఉంది. అక్కడి నుంచి జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ఎంతో దూరం కాదు. అంతా సినిమా వాళ్ళ పేట. 1974లో కృష్ణ గారి అల్లూరి సీతారామరాజు వచ్చింది, 2022లో ఆర్ఆర్ఆర్ వచ్చింది. రెండూ ఆయన బొమ్మను ఇంటింటికీ చేర్చాయి. కాషాయం, గడ్డం, విల్లు, అమ్ములపొది. భద్రాచలం వైపు నుంచి, అచ్చంపేట వైపు నుంచి వచ్చిన మా కోయ, చెంచు పిల్లలు ఆ బొమ్మలో మొదట చూసేది విల్లునే. ఎందుకంటే వాళ్ళ తాతల ఇళ్ళల్లో చూరు కింద అలాంటిదే ఒకటి ఉంటుంది. ఆ విల్లు ఆయన చేతిలోకి ఎలా వచ్చిందన్నది వాళ్ళకు చెప్పాల్సిన కథ.

బాల్యం, చదువు

రాజు 1897 జూలై 4న విశాఖ జిల్లా పాండ్రంగిలో, అమ్మమ్మగారి ఇంట పుట్టారు. సొంతూరు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు. తల్లి సూర్యనారాయణమ్మ, తండ్రి వెంకటరామరాజు. తండ్రి ఫోటోలు తీసే వృత్తిలో ఉండేవారు. రాజు చిన్నతనంలోనే ఆయన కన్నుమూశారు. తర్వాత తహసీల్దారుగా పనిచేసే పినతండ్రి రామకృష్ణంరాజు గారి అండలో చదువు సాగింది. ఊళ్ళు మారాయి, బడులు మారాయి, చదువు మాత్రం పూర్తి కాలేదు. గుర్రపు స్వారీ, జ్యోతిషం, మూలికా వైద్యం మీద మనసు పోయింది. ఉత్తర దేశ యాత్రలు చేసి, 1917లో మన్యం అంచున ఉన్న కృష్ణదేవిపేటకు చేరారు. పుట్టుకతో ఆయన గిరిజనుడు కాదు. సన్యాసిగా వచ్చారు, మందులిచ్చారు, ముహూర్తాలు చెప్పారు, కల్లు సారా మానమన్నారు, తగాదాలు కోర్టులకు పోకుండా పంచాయతీలో తేల్చుకోమన్నారు. జనం ఆయనను తమవాడిగా చేసుకున్నారు.

అలుగు విలువ

ఆ రోజుల్లో గూడెం కొండల్లో బాగతలు, కోయలు, కొండదొరల ఇళ్ళల్లో విల్లు వేట సామాను, కాపలా సామాను. విల్లు వెదురుది, నారి కూడా వెదురు బద్దతో చేసిందే. అసలు పనితనమంతా బాణం చివర ఉంటుంది. పిట్టకు మొద్దు కొన చాలు, కొడితే తూలి పడుతుంది. కుందేలుకు సన్నని ములుకు సరిపోతుంది. అడవిపందికి, కణుజుకు మాత్రం వెడల్పాటి అలుగు కావాలి. తుపాకీ గుండులా బాణం దెబ్బతో పడగొట్టదు, కోసి రక్తం కార్చి పడేస్తుంది. అందుకని అంచు పదునుగా ఉండాలి. పదును కోసం రేకు మరీ పలచన చేస్తే పంది భుజం ఎముకకు తగిలి వంగిపోతుంది. బరువు పెంచితే బాణం దూరం పోకుండా ముక్కు వాలుస్తుంది. కాబట్టి నడుమ దిట్టంగా, అంచుల్లో సన్నగా సాగగొట్టాలి. తోక బాణం కర్రలోకి లోతుగా దిగాలి, పైన నారతో బిగించి కట్టాలి. మంచి అలుగు అంటే ఒక వేటతో పోయేది కాదు. వెతికి తెచ్చుకుని, రాతి మీద నూరి, మళ్ళీ మళ్ళీ వాడుకునేది.

ఈ పని చేసేవారు కొండ కమ్మరులు. వాళ్ళూ గిరిజనులే. కొలిమి దగ్గర కొడవలి కొట్టిన చేతులే అలుగునూ కొట్టేవి. చైత్రమాసంలో వచ్చే ఇటుకల పండగకు మగవాళ్ళు రోజుల తరబడి వేటకు వెళ్ళేవారు. ఉత్త చేతులతో తిరిగొస్తే ఆడవాళ్ళ ఎగతాళి తప్పేది కాదు. అంటే ములుకు మంచిదా కాదా అన్నది ఇంటి గౌరవానికి కూడా సంబంధించిన మాటే.

ఫితూరీ ఎందుకు వచ్చింది

1882 మద్రాసు అటవీ చట్టం ఆ అడవికి తాళం వేసింది. పోడు కొట్టరాదు, కట్టె తేరాదు, వేటకూ ఆంక్షలే. అలుగు ఉంది, దానికి పని చెప్పే అడవి చేజారింది. ఆపైన గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్, నర్సీపట్నం నుంచి కొండల మీదికి వేసే రోడ్డు పనికి జనాన్ని బలవంతంగా తోలాడు. కూలి సరిగా ఇవ్వలేదు, ఎదురు తిరిగితే కొట్టించాడు. బట్టిపనుకుల గాం సోదరులు గంటందొర, మల్లుదొర కూడా అతని చేతిలో నష్టపోయినవారే. రాజు వెంట మొదట నడిచింది ఇలా దెబ్బతిన్న కుటుంబాలే. 1879 నాటి రంప ఫితూరీ జ్ఞాపకాలు కూడా పెద్దల మనసుల్లో ఇంకా చెరగలేదు.

విల్లు నుంచి తుపాకీకి

రాజు గొప్పతనం మాకు ఇక్కడే కనిపిస్తుంది. అలుగు ఎంత గట్టిదైనా అది పందిని కొట్టడానికి చేసిందని, రైఫిలు పట్టిన పటాలం ముందు చాలదని ఆయన గ్రహించారు. గిరిజనుల విలువిద్యను పొగిడి, ఆ విల్లుతోనే వాళ్ళను చావుకు పంపలేదు. ముందు ఆయుధం సంపాదించాలనుకున్నారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వందల మందితో పట్టపగలు దాడి చేశారు. మూడు రోజుల్లో 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు దక్కాయి. రాజవొమ్మంగిలో బందీగా ఉన్న వీరయ్యదొరను విడిపించారు. ఏమేం తీసుకెళ్తున్నారో స్టేషన్ పుస్తకంలో రాసి సంతకం పెట్టి వెళ్ళారని, దాడికి ముందే మిరపకాయ టపా పంపేవారని మన్యంలో నేటికీ చెప్పుకుంటారు.

సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో కాపు వేసి, ముందు నడిచిన భారతీయ సిపాయిలను పోనిచ్చి, వెనక వచ్చిన స్కాట్ కవర్డ్, హైటర్ అనే తెల్ల అధికారులను మాత్రమే కూల్చారు. పొదలో కదలకుండా కూర్చోవడం, గాలివాటం చూడడం, తొలి మృగాన్ని వదిలి అనుకున్న మృగం కోసం ఆగడం, ఇవన్నీ వేటగాడి విద్యలు. తుపాకీ కొత్తదే, దాని వెనక ఉన్న ఓర్పు మాత్రం విల్లు నేర్పినది.

అక్టోబరులో అడ్డతీగల, రంపచోడవరం స్టేషన్ల మీదికి వెళ్ళేసరికి పోలీసులు ఆయుధాలను జాగ్రత్త చేసేసుకున్నారు. మలబారు స్పెషల్ పోలీసులు దిగారు. డిసెంబరు 6న పెద్దగడ్డపాలెం దగ్గర రాజు దళానికి గట్టి దెబ్బ తగిలింది. బాణం అయితే ఏరి తెచ్చుకుని నూరుకోవచ్చు, అలుగు పోతే కమ్మరి దగ్గరికి వెళ్ళవచ్చు. తూటా పేలితే అయిపోయినట్టే, దాన్ని చేసే కొలిమి మన్యంలో లేదు. ఆ ఇబ్బందితోనే ఆయన ఇంకా ఏడాదిన్నర నిలబడ్డారు. 1923 ఏప్రిల్‌లో అన్నవరంలో బహిరంగంగా కనిపించి, జనం మొక్కులందుకుని వెళ్ళారు. అదే ఏడాది సెప్టెంబరులో మల్లుదొర పట్టుబడ్డారు. తర్వాత అస్సాం రైఫిల్స్ వచ్చాయి. 1924లో రూథర్‌ఫర్డ్‌ను ప్రత్యేక కమిషనర్‌గా వేశారు. ఊళ్ళకు తిండి గింజలు చేరే దారులు మూసి, జనాన్ని హింసించారు. 1924 మే 7న రాజును పట్టుకుని, కొయ్యూరు దగ్గర చెట్టుకు కట్టి, విచారణ లేకుండా కాల్చి చంపారు. అప్పటికి ఆయనకు ఇరవై ఏడేళ్ళు నిండలేదు. సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. నెల తిరగకుండానే, జూన్‌లో, గంటందొర కూడా పోరాడుతూ నేలకొరిగారు. మల్లుదొర అండమాన్ శిక్ష అనుభవించి తిరిగొచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి తొలి లోక్‌సభకు ఎన్నికయ్యారు.

మనం గుర్తుంచుకోవలసింది

2022 ఏప్రిల్‌లో పాడేరు కేంద్రంగా ఆయన పేరిట జిల్లా ఏర్పడింది. 125వ జయంతి ఉత్సవాల ముగింపు సభ 2023 జూలై 4న హైదరాబాద్‌లోనే జరిగింది, దానికి రాష్ట్రపతి ద్రౌపది ముర్ము గారు వచ్చారు. గిరిజన బిడ్డ దేశాధినేతగా వచ్చి ఆయనకు మొక్కడం మనందరికీ గర్వకారణం. ఇవన్నీ సంతోషమే. అయినా విగ్రహం మీద ఒక్క పేరే ఉంటుంది. జైళ్ళకు పోయిన బాగతలు, కోయలు, గింజలు దాచి పెట్టిన ఆడవాళ్ళు, అలుగులు కొట్టిన కొండ కమ్మరులు ఆ పీఠం కింద ఉండిపోయారు. రాజును తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. ఆయనే బతికి ఉంటే వాళ్ళ పేర్లే ముందు చెప్పేవారని మా నమ్మకం.

1972 వన్యప్రాణి చట్టం తర్వాత వేట నేరం. అడవి మృగం మీద అలుగు ఎక్కుపెట్టకూడదు, ఆ సంగతి మా పిల్లలకు స్పష్టంగా చెబుతాము. అయితే వేట ఆగింది కదా అని విద్య ఆగనక్కరలేదు. సంఘ పెద్దలకు మా మనవి రెండు ముక్కలు. ఊళ్ళో విల్లు, బాణం, ములుకు చేయగల ముసలివాళ్ళు ఉండగానే వాళ్ళ దగ్గర కూర్చుని, ఏ ములుకును ఏమంటారో, ఎలా కొడతారో మీ భాషలోనే రాయించండి. వసతిగృహాల్లో విలువిద్యను ఆటగా నేర్పించండి. సినిమా తెర మీద విల్లు చూసి చప్పట్లు కొట్టే మన పిల్లలకు, ఆ విల్లు తమ ఇంటిదేనని తెలియాలి.

మన్యం వీరుడికి, ఆయన వెంట నడిచిన ప్రతి ఒక్కరికీ జోహార్లు.