తప్పు లెక్కను అచ్చు వేయించిన శాస్త్రవేత్త

పొద్దున్నే పిల్లల్ని బడికి పంపేముందు సంచిలో గొడుగు పెట్టాలా వద్దా అని బొమ్మసంద్రలో మనం ఫోన్ చూసుకుంటాం. వాన కబురు చెప్పే ఆ లెక్కకు దారి వేసిన మనిషి మొదటి ప్రయత్నంలో ఘోరంగా తప్పారు. ఆ తప్పును దాచలేదు. ఈసారి ఆయన గురించి చెప్పుకుందాం.

లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ 1881 అక్టోబరు 11న ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో పుట్టారు. ఏడుగురు పిల్లల్లో చివరివారు. వారిది యుద్ధాన్ని ఒప్పుకోని క్వేకర్ల కుటుంబం. ఆయన కేంబ్రిడ్జిలో చదువుకున్నారు.

కడ్డీలో వేడి ఎలా పాకుతుంది, ఆనకట్ట గోడలో ఒత్తిడి ఎలా ఉంటుంది అన్న ప్రశ్నలను పాక్షిక అవకలన సమీకరణాలుగా రాస్తారు. చాలావాటికి సూత్రంతో జవాబు రాదు. రిచర్డ్‌సన్ వాటిని గళ్లుగా విడదీసి, మామూలు కూడికలు, తీసివేతలు, గుణకారాలుగా మార్చారు. 1910 నాటి ఆనకట్ట లెక్కను కుర్రాళ్లతో చేయించి, లెక్కకు ఇంతని డబ్బు ఇచ్చారు. తప్పు చేసిన లెక్కకు మాత్రం ఇవ్వలేదు.

వేడి లెక్కకు ఆయన ఎంచుకున్న పద్ధతి ఒక్కో మెట్టులో సాదా పద్ధతికంటే కచ్చితమైనది. చేత్తో వేసిన కొద్ది మెట్లలో దాని లోపం బయటపడలేదు. మెట్లు పెరిగేకొద్దీ అందులో చిన్న తప్పు కూడా పెరిగిపోతుందని తర్వాతివారు చూపారు. ఉదాహరణకు 0.001 తప్పు ప్రతి మెట్టుకూ రెట్టింపైతే 10 మెట్లకు 1 దాటుతుంది, 20 మెట్లకు 1,000 దాటుతుంది. అదే ప్రతిసారీ సగమైతే కనిపించకుండా పోతుంది. తప్పును పెరగనివ్వని ఈ గుణాన్నే స్థిరత్వం అంటారు. కచ్చితత్వం ఎంత పెంచినా స్థిరత్వం లేకపోతే ఆ లెక్క నిలబడదు.

1913లో రిచర్డ్‌సన్ వాతావరణ శాఖలో చేరారు. యుద్ధం వచ్చాక 1916లో ఆ ఉద్యోగం వదిలి, ఫ్రాన్స్‌లో క్షతగాత్రులను మోసే అంబులెన్సు దళానికి వెళ్లారు. విరామ సమయాల్లో 1910 మే 20 నాటి వాతావరణాన్ని చేత్తో లెక్కవేశారు. 1917లో ఆ రాతప్రతి పోయింది. నెలల తర్వాత బెల్జియంలో బొగ్గు కుప్ప కింద దొరికింది.

ఆరు గంటల్లో గాలి పీడనం 145 మిల్లీబార్లు పెరుగుతుందని ఆయన లెక్క తేల్చింది. నిజానికి ఆ రోజు అది దాదాపు కదలలేదు. మొదట తీసుకున్న గాలి వివరాల్లోని చిన్న తేడాలే ఇంత పని చేశాయి. అయినా 1922లో తన పుస్తకంలో ఆ జవాబును ఉన్నది ఉన్నట్టు అచ్చు వేయించారు, కారణమూ వెతికారు. ప్రపంచమంతటి వాతావరణాన్ని ఎప్పటికప్పుడు లెక్కకట్టడానికి 64,000 మంది ఒకే మందిరంలో కూర్చోవాలని అందులోనే ఊహించారు.

ఆ లెక్క ముందుకు సాగినా మరో చిక్కు ఎదురయ్యేది. ఆయన గడి సుమారు 200 కిలోమీటర్లు, కాలపు మెట్టు 3 గంటలు. సెకనుకు 300 మీటర్ల వేగంతో పోయే అల ఆ గడిని సుమారు 11 నిమిషాల్లోనే దాటేస్తుంది. అలకంటే మెట్టు వెనకబడితే ఇలాంటి లెక్క చెదిరిపోతుందని 1928లో కూరాంట్, ఫ్రీడ్రిక్స్, లెవీ నిరూపించారు. 1950లో చార్నీ, ఫ్యోర్టాఫ్ట్, ఫాన్ నాయ్‌మన్ ఎనియాక్ కంప్యూటర్‌పై వాతావరణ లెక్క వేసి చూపారు. ఆ ఫలితం చూసి రిచర్డ్‌సన్ సంతోషించారు. 1953 సెప్టెంబరు 30న స్కాట్లండ్‌లో కన్నుమూశారు.

మన బడుల్లోనూ మూడో తరగతిలో భిన్నాలు సరిగా అర్థం కాని పిల్లకు ఏడో తరగతిలో సమీకరణాలు కొండలా కనిపిస్తాయి. ఇంకా కష్టమైన పుస్తకం కొనిచ్చినా ఆ లోటు తీరదు. తప్పు మొదలైన మెట్టు దగ్గరికి వెళ్లి, పిల్లకు అర్థమయ్యే భాషలో సరిచేయాలి. అందుకు ముందు పిల్ల తన తప్పు లెక్కను భయం లేకుండా మనకు చూపించగలగాలి. నోటు పుస్తకంలో కొట్టివేసిన లెక్క కనిపిస్తే కోప్పడకుండా, అది ఎక్కడ దారి తప్పిందో ఇంట్లో మనం, బడిలో ఉపాధ్యాయులు పిల్లతో కలిసి వెతుకుదాం.